వేళ్లకు తెలిసిన కీబోర్డు కళ్లకు తెలియదు: ఒక డీటీపీ ఆపరేటర్ కేస్ స్టడీ

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. సొంతూరు నెల్లూరు దగ్గర. కుర్రతనంలోనే మద్రాసు వచ్చి ట్రిప్లికేన్‌లోని ఒక ప్రెస్సులో చేతి కంపోజింగ్ నేర్చుకున్నారు. సీసపు అక్షరాల రోజులు పోయాక డీటీపీకి, అంటే కంప్యూటర్ మీద పేజీలు కట్టే పనికి మారారు. పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు, యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ (అక్షరాల అమరిక) అంటే తెలుగు డీటీపీ చేసినవాళ్లకు ఇక వేరే చెప్పక్కర్లేదు. కోడంబాక్కంలో ఇంట్లోనే సిస్టమ్ పెట్టుకుని పద్యాల పుస్తకాలు, సావనీర్లు, పెళ్లి పత్రికలు కంపోజ్ చేసేవారు.

జబ్బు కుడి బొటనవేలితో మొదలైంది. స్పేస్ బార్ సరిగా పడటం లేదని ఆయన కొత్త కీబోర్డు కొన్నారు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది, ఆ తర్వాత పెన్ను జారిపోయేది. పరీక్షలన్నీ అయ్యాక న్యూరాలజిస్టు ఏఎల్‌ఎస్ అని చెప్పారు. మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కండరాలను నడిపించే నరకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి, స్పర్శ మాత్రం అలాగే ఉంటుంది. కంటిని తిప్పే కండరాలు కూడా చాలామందిలో చివరిదాకా నిలుస్తాయి. ఈ కేసంతా ఆ ఒక్క మినహాయింపు మీదే నడిచింది.

జబ్బుపడ్డవాళ్లు రోజువారీ పనులు చేసుకునే దారి చూపే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నేను మొదటిసారి చూసేసరికి కుడి చెయ్యి పూర్తిగా పడిపోయి ఉంది. ఎడమ చూపుడువేలు కాస్త కదిలేది. మెడ ఎక్కువసేపు నిలిచేది కాదు. మాట ముద్దగా ఉండేది. అది భార్యకు అర్థమయ్యేది గానీ, ఫోన్లో తిరుపతిలో ఉన్న కూతురికి అర్థమయ్యేది కాదు. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

ఏం కావాలని అడిగాను. ఇలాంటి చోట మాట్లాడటం, టీవీ, వాట్సాప్ అని ఇంట్లోవాళ్లే చెప్పేస్తుంటారు. ఆయన భార్య, మా అందరికీ ఆంటీ, కూడా అదే మొదలుపెట్టారు. ఆయన తల అడ్డంగా ఊపి, చాలాసేపు కష్టపడి ఒక్క మాట అన్నారు: "ప్రూఫు." సగంలో ఆగిన పద్య సంకలనం ఒకటి ఉంది. మిగతా ఫారాలు (ఒకేసారి అచ్చయ్యే పేజీల గుంపులు) ప్రెస్సు కుర్రాడు కడుతున్నాడు. వాటిలోని తప్పులు తన కంటబడకుండా అచ్చుకు వెళ్లకూడదు. ఆయన బెంగ అదొక్కటే.

ముందు కదిలే చోట్లు

చూపును పట్టి కంప్యూటర్‌ను నడిపే ఐ ట్రాకర్ గురించి అల్లుడు అప్పటికే వీడియోలు చూసి ఉన్నాడు. స్టీఫెన్ హాకింగ్ వాడింది అదే కదా అన్నాడు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఈ మాట వింటాను. హాకింగ్ చాలా ఏళ్లు వాడింది చెంప కదలిక. కళ్లజోడుకు బిగించిన చిన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఆ కదలికను పట్టేది. తెర మీద అక్షరాలు వరసగా వెలుగుతూ పోతుంటే, కావలసిన చోట చెంప బిగిస్తే ఆ అక్షరం పడేది. ఆయన కోసం ఇంటెల్ తయారుచేసిన ఏసీఏటీ సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. అంటే నమ్మకంగా కదిలే కండరం ఒక్కటి దొరికినా కంప్యూటర్ నడుస్తుంది. కళ్ల దాకా వెళ్లేముందు ఆ కండరం ఎక్కడుందో వెతకాలి.

మెడతో మొదలుపెట్టాం. బోస్టన్ కాలేజీవాళ్లు చేసిన కెమెరా మౌస్ ఉచితం, మామూలు వెబ్‌క్యామ్ చాలు. ముక్కు కొసనో కనుబొమనో పట్టుకుని తల కదిలినట్టు పాయింటర్‌ను కదిలిస్తుంది. పొద్దున పూట చక్కగా పనిచేసింది. సాయంత్రానికి తల ఒక పక్కకు ఒరిగిపోయేది. నీరసపడే మెడకు రోజంతా పని చెప్పడం నాకు ఇష్టం లేదు, వదిలేశాం. విండోస్ ఆన్‌స్క్రీన్ కీబోర్డులో, హాకింగ్ తెర మీదలాగే అక్షరాలు వరసగా వెలిగే స్కానింగ్ పద్ధతి ఉంది, దాన్ని ఎడమ చూపుడువేలితో ప్రయత్నించాం. పనిచేసింది గానీ ఆయనకు ఒళ్లు మండింది. గంటకు పేజీలు కొట్టిన మనిషి ఒక్కో అక్షరం వంతు వచ్చేదాకా కాచుక్కూర్చోవాలంటే మండదా?

ఎడమ కాలి బొటనవేలు మాత్రం గట్టిగా ఉంది. నొక్కగలదు, నొక్కి వెంటనే వదలగలదు. రెండోది ముఖ్యం. నొక్కి వదల్లేని చోట స్విచ్ పెడితే పాయింటర్ వస్తువులను పట్టుకుని ఈడ్చుకుపోతుంది. ఎలక్ట్రానిక్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో చవక మౌస్ ఒకటి, 3.5 ఎం.ఎం. మోనో జాక్ ఒకటి, తేలిగ్గా నొక్కుకునే బటన్ ఒకటి తెచ్చాం. మౌస్ విప్పి ఎడమ క్లిక్ కింది చిన్న స్విచ్ కాళ్లలో నొక్కినప్పుడు కలిసే రెంటికి వైర్లు సోల్డర్ చేసి జాక్ బిగిస్తే, కాలివేలి కింద పెట్టిన బటనే మౌస్ క్లిక్ అవుతుంది. విదేశీ కేటలాగులో ఇదే వస్తువు ధర చూస్తే నవ్వొస్తుంది.

చూపు, ఆజ్ఞ వేరు కావాలి

ఐ ట్రాకర్ తెర అడుగున అతికించే సన్నని పట్టీ. అందులోని ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుగు కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మీద పడి చిన్న మెరుపు చుక్కగా కనిపిస్తుంది. తల కదలకుండా చూపు తిరిగితే కనుపాప జరుగుతుంది, మెరుపు దాదాపు అక్కడే ఉంటుంది. ఆ రెంటి మధ్య దూరం, దిశ చూసి మనిషి తెరలో ఎక్కడ చూస్తున్నాడో లెక్క కడుతుంది. ముందుగా కొన్ని చుక్కలను చూపించి ఆ కంటికి తగ్గట్టు సరిచేసుకోవాలి, అదే క్యాలిబ్రేషన్.

దీని కచ్చితత్వానికి హద్దుంది. అరవై సెంటీమీటర్ల దూరంలో ఒక డిగ్రీ అంటే తెర మీద సుమారు ఒక సెంటీమీటర్. మంచి ట్రాకర్ మంచి కంటి మీద కూడా అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా తప్పుతుంది. పరికరం ఎంత ఖరీదైనా ఇందులో కొంత పోదు. మన కంటి మధ్యలో స్పష్టంగా కనిపించే మేరే ఒకటి రెండు డిగ్రీలు ఉంటుంది. ఒక అక్షరాన్ని చదవాలంటే కన్ను సరిగ్గా దాని నడిమధ్యలో నిలవక్కర్లేదు. నిలవదు కూడా, సన్నగా వణుకుతూనే ఉంటుంది.

ఇక అసలు చిక్కు. చూసిన చోటల్లా క్లిక్ అయిపోతే చదవడం ఎలా? రాబర్ట్ జేకబ్ 1990లో రాసిన పరిశోధన వ్యాసంలో దీన్ని మిడాస్ టచ్ సమస్య అన్నారు. మన లెక్కలో భస్మాసురుడి చెయ్యి. మామూలుగా దీనికి డ్వెల్ అనే ఉపాయం వాడతారు: ఒక చోట చూపు ముప్పావు సెకనో సెకనో నిలిస్తేనే క్లిక్ పడుతుంది. వాట్సాప్‌కు అది చాలు. ప్రూఫు చూసేవాడికి చాలదు. పేజీని మామూలు పాఠకుడు చదివినట్టు ప్రూఫ్‌రీడర్ చదవడు. అనుమానం వచ్చిన ఒత్తు మీద చూపు గుచ్చి ఆగుతాడు. డ్వెల్ సమయం ఎంత పెంచినా ఆయన కన్ను దాన్ని దాటేసేది. తప్పు దొరికిన ప్రతిసారీ తెర మీద ఇంకేదో తెరుచుకునేది.

అందుకే మొదటి దశలో డ్వెల్ పూర్తిగా ఆపేశాం. కన్ను చూపిస్తుంది, కాలివేలు నొక్కుతుంది. మేం వాడిన ఆప్టికీ చూపుతో టైపు చేయించే ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. జూలియస్ స్వీట్‌లాండ్ మొదలుపెట్టి 2015లో బయటపెట్టారు. ఎంపికకు చూపు నిలపడమే కావాలా, మౌస్ బటన్ కావాలా అన్నది అందులో మనమే పెట్టుకోవచ్చు. ప్రూఫు చదివేటప్పుడు ట్రాకర్‌ను నిద్రపుచ్చి పీడీఎఫ్‌ను ఫుల్ స్క్రీన్‌లో పెడితే, అదే కాలివేలి క్లిక్కుకు పేజీ తిరుగుతుంది. ల్యాప్‌టాప్ తెర మీద పుస్తకం పేజీ చిన్నగా కనిపిస్తుందని ప్రెస్సు కుర్రాడికి చెప్పి, ఒక్కో పేజీని పైసగం, కిందిసగంగా పెద్దది చేయించి పంపించుకున్నాం.

దిద్దుబాట్లు ఆయనే పేజ్‌మేకర్‌లోకి వెళ్లి చేయాలని మొదట పట్టుపట్టారు. ఆ మెనూలు, ఆ చిన్న చిన్న గుర్తులు ఒక సెంటీమీటర్ తప్పే చూపుకు లొంగవు. జూమ్ చేసి క్లిక్ చేసే పద్ధతి ఉంది. దానితో ఒక్క కామా మార్చడానికి పట్టిన సేపట్లో నాలుగు దిద్దుబాట్లు రాసి పంపవచ్చు. ఇది ఆయనే చేసి చూసి తేల్చుకున్నారు. చివరికి పేజీ, పంక్తి, తప్పు, ఒప్పు అన్న వరసలో మెసేజ్ రాస్తారు, కుర్రాడు మారుస్తాడు. పాత ప్రెస్సుల్లో కంపోజిటర్ వేరు, ప్రూఫ్‌రీడర్ వేరు. ఆ ఏర్పాటే తిరిగొచ్చింది.

తెలుగు కీబోర్డు

ఇంతవరకూ ఏ భాషవాడికైనా దాదాపు ఇదే దారి. ఇక్కడి నుంచి మన అక్షరాల సంగతి.

యాపిల్ లేఅవుట్ ఆయనకు కంఠతా వచ్చు కాబట్టి అదే తెర మీద పెడితే సరిపోతుందని అందరం అనుకుంటాం. లేఅవుట్ కాగితం మీద అచ్చు వేసి 'భ' ఎక్కడుందని అడిగితే ఆయన వెతుక్కున్నారు. వెతుకుతుంటే ఎడమ చూపుడువేలు దుప్పటి మీద సన్నగా కదిలింది. ముప్పై ఏళ్లుగా కీబోర్డు వైపు చూడకుండా కొట్టిన మనిషి. ఏ అక్షరం ఎక్కడుందో ఆయన వేళ్లకు తెలుసు, కళ్లకు ఎప్పుడూ ఆ అవసరమే రాలేదు. అలవాటైన లేఅవుటే పెట్టాలనే సలహా చూసి కొట్టేవాళ్ల విషయంలో నిజం. చూడకుండా కొట్టేవాళ్లకు పనికిరాదు. ఈ వృత్తిలో ఇది అడిగి తీరాల్సిన ప్రశ్న, నా అసెస్‌మెంట్ కాగితంలో ఇప్పుడు పైనే ఉంది.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ పెట్టుకుందామా అన్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరే, తాళాలు (కీలు) పెద్దవిగా పెట్టవచ్చు. ఆయన నావైపు చూసిన చూపుకు ట్రాకర్ అక్కర్లేదు.

ఇక తెర లెక్క. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు దాదాపు 34 సెం.మీ., ఎత్తు 19. ఆయన చూపు అంచుల దగ్గర సెంటీమీటర్ దాకా తప్పేది, అందుకని తాళం 3 సెం.మీ.కు తగ్గకూడదనుకున్నాం. అడ్డంగా పదకొండు, నిలువుగా ఆరు. పై వరస రాసింది కనిపించడానికి పోతే మిగిలేవి యాభై అయిదు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, ఖాళీ, చెరుపు, చుక్క అన్నీ పెడితే యాభై అయిదులో ఇమడవు. ఆప్టికీలో సొంత కీబోర్డును, ఏ తాళం ఏం కొట్టాలో చెప్పే ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాసుకోవచ్చు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే తాళం కూడా పెట్టవచ్చు. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, ఫ లాంటివి, అంతగా రాని అచ్చులు రెండో పేజీలోకి పోయాయి. మొదటి పేజీలో మిగిలినవి వర్ణమాల వరసలో. ఎంత ఆలోచించినా, చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్న ఆ వరస ఒక్కటే కళ్లకు ముందే తెలిసినది.

తర్వాతి మార్పు ఆయనదే. ఫోన్లు, కంప్యూటర్లు ఇప్పుడు వాడే యూనికోడ్ పద్ధతిలో 'అమ్మ' రాయాలంటే అ, మ, పొల్లు, మ అని నాలుగు తాళాలు. 'స్త్రీ'కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం గుర్తు. వేళ్లకు ఇదొక లెక్క కాదు. చూపుతో కొడితే ఒక్కో తాళానికీ వెతికే సేపుతో కలిపి రెండు సెకన్లు. సీసపు అక్షరాల కాలంలో ఒత్తు విడి అచ్చు. అను ఫాంట్లలోనూ ఒత్తుకు విడి తాళం. అదే ఇక్కడా కావాలన్నారు. పొల్లును, హల్లును కలిపి ఒకే తాళంలో పెట్టడం ఎక్స్‌ఎంఎల్‌లో చిటికెలో పని. న ఒత్తు, త ఒత్తు, ల ఒత్తు, మ ఒత్తు, క ఒత్తు, య ఒత్తు, ర ఒత్తు వచ్చాయి. 'స్త్రీ' నాలుగుకు దిగింది, 'వస్తున్నాను' పదకొండు నుంచి తొమ్మిదికి.

కొత్త తలనొప్పి కూడా దీనితోనే వచ్చింది. ఆయన అలవాటు కంటికి కనిపించే వరస: ముందు 'సీ', దాని కింద త ఒత్తు, ర ఒత్తు. యూనికోడ్‌కు పలికే వరస కావాలి, ఈకారం చివర రావాలి. తిరగేస్తే అక్షరం విడిపోయి చుక్కల వలయంతో కనిపిస్తుంది. చేతి కంపోజింగ్ నాటి నుంచి ఉన్న అలవాటు మారడానికి చాలా రోజులు పట్టింది. చుక్కల వలయం కనిపించినప్పుడల్లా ఆంటీ, "మళ్లీ గుడి ముందే పెట్టారు" అనేవారు. ఆవిడకు ఎక్స్‌ఎంఎల్ తెలియదు గానీ, తప్పెక్కడో నాకంటే ముందు కనిపెట్టేవారు.

పదం పూర్తిచేసే సూచనలు ఇంగ్లీషులో బాగా సమయం మిగులుస్తాయి. మనకు అంతగా కలిసిరాలేదు. పుస్తకం, పుస్తకంలో, పుస్తకాలలోని, పుస్తకాలకేనా అని మాట తోక పెరుగుతూనే ఉంటుంది, జాబితాలో ఏదని ఉంటుంది? పైగా సూచనలు చదవడానికి చూపు పైకి వెళ్లి రావాలి. వాటి బదులు లో, కి, తో, ను, గారు, అండి అన్న తోకలకు తాళాలిచ్చాం. 'పేజీ', 'పంక్తి', 'బదులు' అన్న మూడూ ఆయన పని కోసం.

గది సంగతులు

సాఫ్ట్‌వేర్ కంటే గదితోనే ఎక్కువసేపు కుస్తీ పట్టాం. కిటికీ పడమర వైపుంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, సాయంత్రం మంచం మీదకు ఎండ వస్తే కెమెరాకు మెరుపు చుక్కే కనిపించదు. ముదురు రంగు కర్టెన్ వేశాం. ట్యూబ్‌లైటుతో ఇబ్బంది లేదు.

చెన్నైలో ఫ్యాన్ ఆపమని ఎవరికీ చెప్పలేం. తెర చూసేటప్పుడు రెప్పలు తక్కువ వేస్తాం, పైనుంచి గాలి తగిలితే కన్ను ఎండిపోతుంది, ఎండిన కార్నియా మీద మెరుపు చెదిరిపోతుంది. చుక్కల మందు వేసిన వెంటనే కూడా అంతే. సీలింగ్ ఫ్యాన్ ఆపి టేబుల్ ఫ్యాన్ కాళ్ల వైపు పెట్టించాను. చుక్కలు పనికి ముందు కాకుండా మధ్యలో విరామం ఇచ్చినప్పుడు వేస్తారు.

కళ్లజోడు ప్రోగ్రెసివ్, అంటే ఒకే అద్దంలో పైనుంచి కిందికి పవర్ మారుతుంది. మంచం మీద వెనక్కి వాలి చూసేసరికి అద్దంలో ఏ భాగం వస్తుందో రోజుకో తీరు. అరవై సెంటీమీటర్ల దూరానికి మాత్రమే సరిపోయేలా ఒకే పవర్ అద్దాలు చేయించమని కంటి డాక్టర్ను అడిగాం. క్యాలిబ్రేషన్ అంతకుముందు రోజూ చేయాల్సి వచ్చేది, అద్దాలు మారాక అరుదైంది. ట్రాకర్ మార్చాలని ఆలోచించేవాళ్లు ముందు అద్దాలు చూసుకోవాలి.

దూరం కొలవడానికి స్టాండుకు ఒక దారం కట్టాం. దారం కొస కనుబొమకు తగిలితే సరి. తెరను గదికి కాదు, ఆయన ముఖానికి ఎదురుగా వంచాలి. మనిషి వెనక్కి వాలి ఉంటే తెర ముందుకు వంగాలి. పగలు చూసుకునే కుర్రాడు తమిళుడు. దారం, వంపు, కర్టెన్ మూడూ ఫొటోలతో తమిళంలో రాసి గోడకు అంటించాం. నేను లేనప్పుడు పని నడిచిందంటే ఆ కాగితం వల్లే.

కొనే విషయంలో ఒక మాట. ట్రాకర్, టాబ్లెట్, స్టాండు అన్నీ కలిసిన వైద్య తరగతి సెట్లు లక్షల్లో ఉంటాయి. ఒక డీలరు ఇంటికొచ్చి మొదటి రోజే అడ్వాన్సు అడిగాడు. అరువు పరికరంతో ఇంట్లో, ఆ మంచం మీద, ఆ కిటికీ పక్కన కొన్ని వారాలు వాడకుండా ఎవరూ డబ్బు కట్టకండి. వీళ్లు చివరికి కొన్నది గేమర్ల కోసం అమ్మే టోబీ ట్రాకర్. మనిషి అటూ ఇటూ జరిగినా, ఒక కన్నే కనిపించినా తట్టుకోవడంలో వైద్య తరగతివి మెరుగు. ఈయన తల స్థిరంగా ఉంది, రెండు కళ్లూ బాగున్నాయి కాబట్టి ఇది సరిపోయింది. ట్రాకర్ లేకుండా ఫోన్ కెమెరాతోనే నడిచేవీ వచ్చాయి. గూగుల్ లుక్ టు స్పీక్ 2020 నుంచి ఉంది, యాపిల్ 2024లో ఐఓఎస్ 18తో చూపుతో నడిపే సౌకర్యం ఇచ్చింది. నాలుగైదు మాటల్లో ఒకటి ఎంచుకోవడానికి అవి బాగుంటాయి. యాభై తాళాల తెలుగు కీబోర్డుకు చాలవు.

తర్వాత జరిగింది

ఆయన ఆ కీబోర్డు మీద రాసిన మొదటి పూర్తి వాక్యం ప్రెస్సు కుర్రాడికి వెళ్లింది: "రెండో ఫారం ఎవరు కట్టారు?" కుర్రాడు ఆ రాత్రే ఇంటికి వచ్చాడు.

కొన్ని నెలలకు కాలివేలు బలహీనపడింది. మొదట బటన్ స్ప్రింగు మార్చి నెట్టుకొచ్చాం, తర్వాత డ్వెల్‌కు మారక తప్పలేదు. సెకనుతో మొదలుపెట్టి 700 మిల్లీసెకన్లకు తెచ్చాం. ప్రూఫు చదివేటప్పుడు చిక్కు రాకుండా ట్రాకర్ నిద్రకు, మేలుకోవడానికి తెర కింది మూలలో పెద్ద తాళం పెట్టాం. పద్యం చదివే కన్ను ఆ మూలకు పోదు. పేజీ తిప్పడం మాత్రం ఇప్పుడు ఆంటీ పని. కనుబొమలు పైకెత్తితే తర్వాతి పేజీ.

రాత్రిపూట ఊపిరికి సాయంగా మాస్కుతో గాలి పంపే బైప్యాప్ యంత్రం వచ్చాక, ముక్కు మీది మాస్కు పై అంచు కింది నుంచి చూసే కెమెరాకు అడ్డం వచ్చింది. ముక్కు రంధ్రాల దగ్గర ఆగే రకం సరిపోతుందేమో ఊపిరితిత్తుల డాక్టర్ను అడిగాం, ఆయన ఒప్పుకున్నారు. మాస్కు ఎంచుకునే రోజునే కెమెరా గురించి కూడా మాట్లాడుకోవాలని ఇద్దరం రాసుకున్నాం.

కరెంటు పోయినప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు, అర్ధరాత్రి ఊపిరి ఆడనప్పుడు కంప్యూటర్ ఉండదు. దానికి పారదర్శకమైన అక్రిలిక్ పలక. అంచుల వెంట తెలుగు అక్షరాలు గుంపులుగా అంటించి ఉంటాయి. ఆంటీ దాన్ని ఇద్దరి మధ్య పట్టుకుని అందులోంచి ఆయన కళ్లను చూస్తారు. ముందు ఏ గుంపు, తర్వాత అందులో ఏ అక్షరం. మందూ మాకూ, నొప్పీ తీపూ అన్నీ దీని మీదే నడుస్తాయి. ఆయనకున్న ఒకే ఫిర్యాదు, ఆవిడ రెండో అక్షరానికే మాట పూర్తిచేసేస్తారని. ఆవిడ వాదన, పెళ్లయి ముప్పై రెండేళ్లయింది, రెండో అక్షరం కూడా ఎక్కువేనని. ఇందులో నేను కల్పించుకోలేదు.

సంకలనం అచ్చయింది. ఇప్పుడు ఇంకో పుస్తకం ప్రూఫులు వస్తున్నాయి. రోజుకు రెండు విడతలు, ఒక్కో విడత ముప్పావు గంట. అంతకు మించితే కళ్లు ఎర్రబడుతున్నాయి. మూడు నెలలకోసారి రెప్పలు ఎంతవరకు లేస్తున్నాయో చూస్తున్నాను. రెప్ప వాలి కనుపాపను కప్పితే ట్రాకర్ పనిచేయదు, అప్పటికి కనుబొమ స్విచ్‌తో స్కానింగ్ సిద్ధంగా ఉండాలి. ఆయనకు స్కానింగ్ ఇష్టం లేదని తెలుసు. అందుకే ఇప్పటినుంచే వారానికి కొంచెం అలవాటు చేస్తున్నాం, గొణుక్కుంటూనే చేస్తున్నారు.

ఆ ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఆయన అనుమతితో ఇంకొకరికి ఇచ్చాను. ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న పెరంబూరు అమ్మాయి, డిగ్రీ చదువుతోంది. ఒత్తుల తాళాలు చూసి, ఇవన్నీ ఎందుకండీ అంది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టి పెరిగిన పిల్ల. ఆమెకు ఇరవై ఆరు తాళాలతో ఫొనెటిక్ పెట్టాం, తాళాలు ఇంకా పెద్దవయ్యాయి. పైగా ఆమె మెడ గట్టిగా ఉంది, కాబట్టి ట్రాకర్ జోలికే పోలేదు. కెమెరా మౌస్‌తో కానిచ్చేస్తోంది.